సింఫనీలో పల్లవి ఎక్కడ? రష్యన్ సంగీతం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి

కొత్తచెవి:
అందరికీ నమస్కారం. మా నాన్న విశాలాంధ్రలో కొన్న సోవియట్ పుస్తకాలు ఇంట్లో ఒక బీరువా నిండా ఉండేవి. టాల్‌స్టాయ్, చెఖోవ్, గోర్కీ అందరూ నాకు తెలుగులోనే పరిచయం. మంచు, సమోవార్లు, గుర్రపు బళ్ళు, ఆ పొడుగాటి పేర్లు అన్నీ తెలుసు కానీ వాళ్ళ సంగీతం మాత్రం ఒక్క ముక్క తెలియదు. మొన్న చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ పెట్టాను, అందరూ గొప్పదంటారు కదా అని. పది నిమిషాలకే ఎక్కడున్నానో అర్థం కాలేదు. మాటలుండవు, పల్లవి తిరిగొచ్చినట్టే వచ్చి ఇంకెటో పోతుంది, కాసేపు అసలేం వినపడదు, సరే అని వాల్యూమ్ పెంచితే ఉన్నట్టుండి గుండె జారేంత చప్పుడు. నాకు చిన్నప్పుడు గీతాల దాకా నేర్పించారు, కీరవాణికీ కల్యాణికీ తేడా పట్టగలను, అంతకు మించి శాస్త్రం రాదు. దయచేసి యాభై పేర్ల జాబితా ఇవ్వకండి. ఒకటో రెండో చెప్పి, వాటిలో ఏం వినాలో చెప్పండి చాలు.

పాతరేడియో:
ఆరో సింఫనీతో మొదలుపెట్టారా, ధైర్యవంతులే. నా మాట వింటే రిమ్‌స్కీ-కోర్సకోవ్ రాసిన 'షెహెరజాదె' పెట్టండి, 1888 నాటిది. వెయ్యిన్నొక్క రాత్రుల కథ ఎలాగూ తెలుసు కాబట్టి పట్టుకోవడానికి ఒక కొస దొరుకుతుంది. మొదట్లోనే బ్రాస్ వాయిద్యాలు (ఇత్తడి ఊదుడు వాయిద్యాలు) బరువుగా, కోపంగా ఒక ముక్క వాయిస్తాయి, అది సుల్తాను. కాసేపటికి ఒంటరి వయొలిన్, వెనక హార్ప్, అది కథ చెప్పే అమ్మాయి. ఈ రెండు గొంతుల్నీ గుర్తుపెట్టుకుంటే మిగతా ముప్పావు గంటలో ఎక్కడా తప్పిపోరు, ఎందుకంటే కథ మారినప్పుడల్లా ఆ వయొలిన్ మళ్ళీ వస్తుంది. చివర్లో సుల్తాను ముక్కే ఎంత మెత్తబడి వస్తుందో చూడండి, అదే కథ ముగింపు, ఎవరూ మాటల్లో చెప్పక్కర్లేదు.

సముద్రం అంత బాగా ఎలా రాశాడంటే ఆయన నౌకాదళం మనిషి. 18 ఏళ్ళకి 'అల్మాజ్' అనే ఓడ ఎక్కి న్యూయార్క్, రియో దాకా వెళ్ళొచ్చాడు. ఆ తర్వాత 1871లో సెయింట్ పీటర్స్‌బర్గ్ కన్సర్వేటరీలో, అంటే సంగీత కళాశాలలో, ప్రొఫెసర్ ఉద్యోగమిస్తే, పాఠం చెప్పేంత శాస్త్రం తనకే రాదు, విద్యార్థులకు ఒక పాఠం ముందు ఉండేలా రహస్యంగా చదువుకుంటూ నెట్టుకొచ్చాడు. ఆ మాట ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. అలాంటాయన తర్వాత ఆర్కెస్ట్రాకి ఎలా రాయాలో పుస్తకం రాస్తే ఇప్పటికీ చదువుతున్నారు.

తీగలు_నాలుగు:
పాతరేడియో గారూ, కొత్తవాళ్ళకి ముప్పావు గంట ఎక్కువండీ. పైగా ఎనభై మంది ఒకేసారి వాయిస్తుంటే అలవాటు లేని చెవికి ఏ గొంతు ఎవరిదో తెలియదు. నేను వయొలిన్ విద్యార్థిని, ముందు కర్ణాటకం, ఇప్పుడు రెండూ. నా సలహా బొరొదిన్ రాసిన రెండో స్ట్రింగ్ క్వార్టెట్, అందులో మూడో భాగం మాత్రమే, 'నాక్టర్న్' అంటారు. ఎనిమిది నిమిషాలు. నలుగురే మనుషులు, రెండు వయొలిన్లు, వయోలా, చెల్లో.

మొదట పాట చెల్లోది. మగ గొంతులా పై స్థాయిలో పాడుతుంది, కింద మిగతా ముగ్గురూ ఊగుతున్నట్టు శ్రుతి పట్టుకుని ఉంటారు. తర్వాత అదే పాట వయొలిన్ అందుకుంటుంది. మధ్యలో కాస్త తొందర, ఆ తర్వాత అసలు సంగతి: ఒకళ్ళు పాడుతుంటే ఇంకొకళ్ళు ఒక అడుగు వెనకగా అదే పాట పాడుకుంటూ వస్తారు. ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. 1881లో రాసి భార్య ఎకాతెరీనాకి అంకితమిచ్చాడు. మీరడిగిన పల్లవి ఇక్కడ స్పష్టంగా ఉంటుంది, తిరిగి వచ్చినప్పుడు మీకే తెలుస్తుంది.

వోల్గా_డాక్టర్:
బొరొదిన్ పేరు వినగానే లాగిన్ అయ్యాను. నేను రష్యాలో మెడిసిన్ చదివాను. మాకు ఆయన ముందు కెమిస్ట్, తర్వాతే సంగీతం. సెయింట్ పీటర్స్‌బర్గ్ మెడికల్-సర్జికల్ అకాడమీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్, ఆల్డిహైడ్ల మీద పనిచేశాడు. ఆడవాళ్ళకు వైద్యవిద్య కోర్సులు పెట్టించడానికి 1870ల్లో తిరిగినవాళ్ళలో ఒకడు. సంగీతం సెలవుల్లోనూ జబ్బు పడినప్పుడూ మాత్రమే. ఒంట్లో బాగోలేక ఇంట్లో ఉంటేనే రాస్తాడు కాబట్టి స్నేహితులు ఆరోగ్యం బాగుండాలని కాదు, జబ్బు పడాలని కోరుకుంటున్నారని ఆయనే ఒక ఉత్తరంలో సరదాగా రాశాడు. 'ప్రిన్స్ ఇగోర్' అనే ఆపెరా (పాటలతో నడిచే నాటకం) 1869లో మొదలుపెట్టి 1887లో చనిపోయేదాకా రాస్తూనే ఉన్నాడు, పూర్తి కాలేదు. రిమ్‌స్కీ-కోర్సకోవ్, గ్లజునోవ్ కలిసి పూర్తిచేస్తే 1890లో వేదికెక్కింది. అందులో 'పొలొవెత్సుల నృత్యాలు' వినండి, ఎక్కడో విన్నట్టుందే అనిపిస్తుంది, ఆ ట్యూన్‌ని అమెరికా వాళ్ళు 1950ల్లో బ్రాడ్వే పాట చేసేశారు.

ఇంకో మాట. అక్కడ థియేటర్‌కి వెళ్ళడం ఎలాగుంటుందంటే, చలికాలంలో కోటుతో లోపలికి రానివ్వరు, 'గార్దెరోబ్'లో ఇచ్చి నంబరు బిళ్ళ తీసుకోవాలి. సంచిలో మామూలు బూట్లు తెచ్చుకుని అక్కడే మార్చుకునే ఆడవాళ్ళని చూసి మా బ్యాచ్ వాళ్ళం ఆశ్చర్యపోయేవాళ్ళం. పైన బాల్కనీ టికెట్లు మా మెస్ బిల్లుతో పోలిస్తే చవకే. అంత పైన కూర్చుంటే వేదిక సగమే కనిపిస్తుంది, చప్పుడు మాత్రం పూర్తిగా వస్తుంది. నచ్చితే హాలంతా ఒకే లయలో చప్పట్లు కొడుతుంది, మొదటిసారి ఎవరైనా సిగ్నల్ ఇచ్చారేమో అనుకున్నాను.

కొత్తచెవి:
తీగలు గారూ, నాక్టర్న్ విన్నాను, వరసగా మూడుసార్లు. ఇదైతే తేలిగ్గా లోపలికి వెళ్ళింది! మీరు చెప్పిన ఆ ఒకరి వెనక ఒకరు పాడుకునే చోటు దొరికింది. మరి ఇంత తేలిగ్గా ఇది పట్టుబడితే చైకోవ్‌స్కీ ఎందుకు పట్టుబడలేదు? తేడా నాలోనా ఆయనలోనా?

తాళంచెవి:
రెండూ కాదు సార్, మీరు ఇయర్‌ఫోన్ పెట్టుకుని బయట విని ఉంటారు. ఆ మొదటి భాగంలో ఒకచోట బసూన్‌కి (లోగొంతు ఊదుడు వాయిద్యం) 'ఎంత మెల్లగా వాయించాలంటే' అని ఆరు 'పి'లు రాసి పెట్టాడు ఆయన, 'పి' అంటే మెల్లగా అని గుర్తు, మామూలుగా ఒకటి రెండు రాస్తారు. ఆ వెంటనే మొత్తం ఆర్కెస్ట్రా విరుచుకుపడుతుంది. బస్సులోనో రోడ్డు మీదో ఆ మెల్లనిది వినపడక వాల్యూమ్ పెంచుతాం, తర్వాత బాంబు. మన సినిమా పాటలు అన్నీ ఒకే ఎత్తులో రికార్డు చేసి ఉంటాయి కాబట్టి మనకి ఈ బాధ తెలియదు. రాత్రి పూట, ఫ్యాను ఆపి, వాల్యూమ్ ఒకసారి సెట్ చేసి ఇక ముట్టుకోకండి.

నేను మృదంగం మనిషిని కాబట్టి నా దారి వేరు. ఆరో సింఫనీ మొదటి భాగం వదిలేయండి, రెండోది పెట్టి చేత్తో తాళం వేయండి. వాల్ట్జ్‌లాగే (మూడు లెక్కల నాట్యం) ఉంటుంది కానీ మూడు వేస్తే కుదరదు. తక తకిట, తక తకిట అనుకోండి. అయిదు! ఖండం. చచ్చినట్టు సరిపోతుంది. 1893లో అది విని కొంతమంది కుంటి వాల్ట్జ్ అనుకున్నారేమో, మనకి ఖండచాపు ఇంట్లో మనిషి కదా.

అయిదు వాళ్ళ జానపదంలోంచే వచ్చింది. గ్లింకా 1836లో రాసిన 'జార్ కోసం ప్రాణం' ఆపెరాలో పెళ్ళి పాట 5/4, అంటే అయిదు లెక్క. ముసోర్గ్‌స్కీ 'ఎగ్జిబిషన్ చిత్రాలు' మొదటి ముక్క ఒక వరస అయిదు, ఒక వరస ఆరు. రిమ్‌స్కీ-కోర్సకోవ్ 'స్నెగూరొచ్కా' చివరి కోరస్ పదకొండు. ఆ పదకొండు కుదరక కోరస్ వాళ్ళు 'రిమ్‌స్కీ-కోర్సకోవ్ సవ్సేమ్ సుమా సషోల్' అని లెక్కపెట్టుకునేవాళ్ళని చెప్పుకుంటారు, అంటే ఆయనకి పూర్తిగా పిచ్చెక్కింది అని. సరిగ్గా పదకొండు అక్షరాలట. మాకు సొల్లుకట్టు (నోటితో పలికే జతులు) ఉంది, వాళ్ళకి తిట్టుంది.

న్యూజెర్సీ_నాన్న:
హహ. ఆ పదకొండు మా అమ్మాయి పియానో టీచరుకి చెప్తాను.

నా వంతు. ఏ వాయిద్యం ఏదో తెలియక తికమకపడేవాళ్ళు సిగ్గుపడకుండా పిల్లల సంగీతం వినండి. ప్రొకోఫియెవ్ 1936లో మాస్కో బాలల థియేటర్ కోసం రాసిన 'పీటర్, తోడేలు'. ఒకాయన కథ చదువుతుంటే పిట్టకి ఫ్లూట్, బాతుకి ఓబో, పిల్లికి క్లారినెట్, గొణిగే తాతకి బసూన్, తోడేలుకి మూడు హార్న్‌లు, పీటర్‌కి వయొలిన్ల గుంపు. అరగంట కూడా ఉండదు. మా అమ్మాయి కోసం పెట్టాను, ఇప్పుడు ఏ సింఫనీ వింటున్నా ఓబో వస్తే 'బాతు' అనిపిస్తుంది. ఆ ఒక్క అలవాటుతో నా వినడం మారింది, ముందు ఒక ముద్దలా వినిపించేది విడివిడిగా వినిపించడం మొదలైంది.

చైకోవ్‌స్కీ బాలే 'నట్‌క్రాకర్' ఇక్కడ డిసెంబరు వస్తే ప్రతి ఊళ్ళో ఉంటుంది, తప్పించుకోలేం. అందులో గాజు బిళ్ళలు మోగినట్టు ఒకటి వినిపిస్తుంది కదా, అది సెలెస్టా. పారిస్‌లో కొత్తగా చూసి ముచ్చటపడి, దాన్ని తెప్పించమని తన ప్రచురణకర్తకి రాస్తూ ఎవరికీ చూపించొద్దు అన్నాడు, ముఖ్యంగా రిమ్‌స్కీ-కోర్సకోవ్‌కీ గ్లజునోవ్‌కీ తెలియకూడదట, తనకంటే ముందు వాడేస్తారని భయం!

పాతరేడియో:
ఈ పోటీ వెనక కథ ఉంది, క్లుప్తంగా చెప్తాను. 1862 దాకా రష్యాలో సంగీతం నేర్పే కన్సర్వేటరీయే లేదు. ఆ ఏడాది అంతోన్ రూబిన్‌స్టెయిన్ పీటర్స్‌బర్గ్‌లో పెట్టాడు. న్యాయశాఖలో గుమాస్తాగిరీ చేస్తూనే మొదటి బ్యాచ్‌లో చేరి, తర్వాత ఆ ఉద్యోగం వదిలేసినవాడు చైకోవ్‌స్కీ. ఇటుపక్క బలాకిరెవ్ చుట్టూ చేరిన బృందం: కోటలు కట్టే సైనిక ఇంజినీరు క్యూయీ, సైన్యం వదిలి ఆఫీసు ఉద్యోగం చేసుకునే ముసోర్గ్‌స్కీ, కెమిస్ట్ బొరొదిన్, నౌకాదళం రిమ్‌స్కీ-కోర్సకోవ్. జర్మన్ పద్ధతి స్కూలు మనకెందుకు, మన పాట, మన గుడి గంట, మన తూర్పు ఉన్నాయిగా అనేవాళ్ళు. విమర్శకుడు స్తాసోవ్ 1867లో వీళ్ళకి 'బలమైన చిన్న గుంపు' అని పేరు పెట్టాడు. ఇప్పుడు విని చూస్తే రెండు పక్షాలకీ అనుకున్నంత దూరం లేదు. చైకోవ్‌స్కీ నాలుగో సింఫనీ చివరి భాగంలో 'పొలంలో బిర్చి చెట్టు నిలుచుంది' అనే జానపద గీతం పచ్చిగా ఉంటుంది, బృందంలో స్కూలుని తిట్టిన రిమ్‌స్కీ-కోర్సకోవేమో చివరికి అదే స్కూల్లో స్త్రవిన్‌స్కీ కాలం దాకా గురువుగా ఉండిపోయాడు.

ఎర్రబీరువా:
ఇంతసేపు జార్ల కాలం గురించే మాట్లాడుతున్నారు. కొత్తచెవి గారూ, మీ నాన్నగారి పుస్తకాలు సోవియట్‌వి అన్నారు కదా, మరి షొస్తకోవిచ్ లేకుండా ఎలా?

లెనిన్‌గ్రాడ్ ముట్టడి 1941 సెప్టెంబరులో మొదలైంది. ఆ చలికాలం ఆకలితో లక్షల మంది పోయారు. షొస్తకోవిచ్ ఏడో సింఫనీ ఆ ఊళ్ళోనే మొదలుపెట్టాడు, ఆయన్ని విమానంలో మాస్కోకి, అక్కణ్ణుంచి రైల్లో కుయిబిషెవ్‌కి (ఇప్పటి సమారా) పంపించేశాక పూర్తిచేశాడు, 1942 మార్చిలో అక్కడే మొదట వాయించారు. కానీ లెనిన్‌గ్రాడ్‌లో వాయించాలి కదా. స్వరలిపిని విమానంలో తెచ్చారు. ఊళ్ళో మిగిలింది రేడియో ఆర్కెస్ట్రా ఒకటే, అందులోనూ వాయించే ఓపిక ఉన్నవాళ్ళు ఏ కొద్దిమందో. కండక్టర్ ఎలియాస్‌బర్గ్ తానే నడవలేని స్థితి. ట్రంపెట్ ఊదే శక్తి లేక కూలబడినవాళ్ళున్నారు. అదనపు రేషన్ ఇచ్చారు, యుద్ధరంగం నుంచి వాయిద్యం తెలిసిన సైనికుల్ని పిలిపించారు. 1942 ఆగస్టు 9న కచేరీ. జర్మన్లు మధ్యలో కాల్చకుండా ముందే ఎర్రసైన్యం ఫిరంగులతో వాళ్ళ స్థావరాల నోరు మూయించింది. లౌడ్‌స్పీకర్లు పెట్టి ఊరంతా, అటుపక్క జర్మన్ కందకాల దాకా వినిపించారు.

మొదటి భాగంలో ఒక చిన్న తేలికపాటి ట్యూన్ సైడ్ డ్రమ్ మీద మొదలై, మళ్ళీ మళ్ళీ అదే, ప్రతిసారీ ఇంకొన్ని వాయిద్యాలు చేరి రాక్షసిలా తయారవుతుంది. అది వినండి, సంగీతం రాకపోయినా పర్లేదు.

తీగలు_నాలుగు:
ఎర్రబీరువా గారూ, ఆ కచేరీ కథకి ఎవరైనా దండం పెడతారు. కానీ ఇదే షొస్తకోవిచ్ మీద 1936 జనవరి 28న పార్టీ పత్రిక 'ప్రావ్దా'లో 'సంగీతానికి బదులు గందరగోళం' అని వ్యాసం వచ్చిందని కూడా చెప్పాలి. రెండు రోజుల ముందు స్టాలిన్ ఆయన ఆపెరా చూడ్డానికి వచ్చి మధ్యలో లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన నాలుగో సింఫనీని రిహార్సల్స్‌లో ఉండగా వెనక్కి తీసుకున్నాడు, అది 1961 దాకా జనం చెవిన పడలేదు.

ఎర్రబీరువా:
కాదనను. తప్పు తప్పే. అయినా 1937 నవంబరులో అయిదో సింఫనీకి అదే లెనిన్‌గ్రాడ్ అరగంట పైగా చప్పట్లు కొట్టిందని చెప్తారు, ప్రభుత్వమూ మెచ్చింది, జనమూ మెచ్చారు. చివర్లో ఆ ఢంకాలు, ఆ వెలుగు విని విజయం కాదంటే నేను ఒప్పుకోను.

తీగలు_నాలుగు:
ఆ ఢంకాలే నాకు అనుమానం. ఒకే స్వరం వయొలిన్లు గీరుతూనే ఉంటాయి, ఆపకుండా, వందలసార్లు, ఆనందంగా ఉన్న మనిషి అలా ఒకేమాట అంటాడా? నిదానంగా వాయించే కండక్టర్ చేతిలో బలవంతపు నవ్వులా ఉంటుంది, వేగంగా వాయిస్తే పండగలా ఉంటుంది. షొస్తకోవిచ్ మనసులో మాట ఇదేనంటూ వొల్కోవ్ అనే రచయిత 1979లో అమెరికాలో వేసిన పుస్తకం మీద గొడవ ఇప్పటికీ తేలలేదు కాబట్టి దాన్ని నేను సాక్ష్యంగా తీసుకోను. కొత్తచెవి గారూ, దీన్ని చదివి కాదు, రెండు వేగాల్లో విని తేల్చుకోండి.

కానీ మీకు కీరవాణి తెలుసన్నారు కదా, మీకోసం ఇంకోటుంది. ఎనిమిదో స్ట్రింగ్ క్వార్టెట్. 1960 జులైలో తూర్పు జర్మనీలో, డ్రెస్డెన్ దగ్గర ఒక చిన్న ఊళ్ళో మూడు రోజుల్లో రాసేశాడు. పైకి యుద్ధంలో, ఫాసిజంలో పోయినవాళ్ళకి అంకితం, కానీ నేను పోతే నా కోసం ఎవరూ రాయరు కాబట్టి నేనే రాసుకున్నానని స్నేహితుడికి రాసిన ఉత్తరముంది. తన పేరులోని జర్మన్ అక్షరాలు డి, ఎస్, సి, హెచ్ తీసుకుంటే అవి జర్మన్ పద్ధతిలో నాలుగు స్వరాల పేర్లు. సి ని షడ్జమం అనుకుంటే మన లెక్కలో చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, షడ్జమం, కింది కాకలి నిషాదం. రి గ స ని. నోటితో పాడి చూడండి, కీరవాణి గుమ్మం దగ్గర నిలబడ్డట్టు ఉంటుంది. (గౌరీమనోహరి అనేవాళ్ళూ ఉంటారు, ఈ నాలుగింటితో తేలదు.) చెల్లో ఆ నాలుగు స్వరాలతో మొదలుపెడుతుంది, తర్వాత ఒక్కొక్కరూ అవే అంటారు, ఇరవై నిమిషాలు అయిదు భాగాలు ఆగకుండా సాగుతాయి, ప్రతి భాగంలో ఆ పేరు ఏదో వేషంలో వస్తుంది. మీరడిగిన పల్లవి ఇంతకంటే తేటగా ఇంకెక్కడా దొరకదు.

తాళంచెవి:
రి గ స ని పాడాను. అమ్మో. రెండో భాగంలో అదే వేగంగా వచ్చినప్పుడు మా ఇంట్లో కుక్క లేచి వెళ్ళిపోయింది.

బెజవాడ_బీట్:
అన్నలూ అక్కలూ, ఇంతమంది పెద్దవాళ్ళున్నారు, స్త్రవిన్‌స్కీ పేరు ఒక్కరూ సరిగ్గా ఎత్తలేదేంటి? నేను మెటల్ వినేవాణ్ణి, 'వసంత క్రతువు' విన్నాకే ఇటు వచ్చాను. ఆ బాలే మొదటి ప్రదర్శన 1913 మే 29, పారిస్, జనం ఈలలు, కేకలు, కొట్టుకున్నంత పని. మొదట బసూన్ ఎంత పై స్థాయిలో మొదలవుతుందంటే అది బసూన్ అని తెలియదు. తర్వాత వచ్చే ముక్కలో ఒకే కార్డ్ (కలిపి మోగించే స్వరాలు) గుద్దుతూ పోతారు, వేగం మారదు కానీ దెబ్బ ఎక్కడ పడుతుందో చెప్పలేం.

తాళంచెవి:
తమ్ముడూ, అది కొత్తవాళ్ళకి కాదులే అనబోయాను కానీ మన వాళ్ళకైతే ఇదే తేలికేమో. రాగం కోసం వెతక్కండి, తని ఆవర్తనంలా (కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే భాగం) వినండి. లోపల లెక్క ఒకటే నడుస్తుంటుంది, పైన మాత్రమే దెబ్బలు స్థానం మారుతుంటాయి. చేత్తో సమంగా వేస్తూ ఉంటే ఆయన ఎక్కడ మోసం చేస్తున్నాడో దొరుకుతుంది.

న్యూజెర్సీ_నాన్న:
ఈయన్ని రష్యన్ అనాలా? 1934లో ఫ్రెంచ్ పౌరుడు, 1945లో అమెరికన్. ప్రొకోఫియెవ్ పుట్టిన ఊరు ఇప్పటి ఉక్రెయిన్‌లో దొనెత్స్క్ ప్రాంతం. 'కత్తి నాట్యం' రాసిన ఖచతూర్యాన్ అర్మేనియన్, పుట్టింది తిఫ్లిస్‌లో, అంటే ఇప్పటి జార్జియా రాజధాని త్బిలిసిలో. ఇక్కడ మా ఊళ్ళో ఉక్రెయిన్ కుటుంబాలున్నాయి, వాళ్ళ ముందు ఈ మాట వాడేటప్పుడు ఒకసారి ఆలోచిస్తున్నాను.

పాతరేడియో:
ఆలోచించాల్సిందే. చైకోవ్‌స్కీ రెండో సింఫనీలో ఉన్నవి ఉక్రెయిన్ పాటలు, దానికి చాలాకాలం తగిలించిన 'చిన్న రష్యా' అనే పేరు ఇప్పుడు చాలామంది వాడటం లేదు, మంచిదే. థ్రెడ్ పేరులో 'రష్యన్' అన్నది సామ్రాజ్యం, సోవియట్ రెండూ కలిపిన వాడుకగా తీసుకుని ముందుకు పోదాం.

కొత్తచెవి:
ఇన్ని చెప్పారు, థాంక్స్ అందరికీ. ఎనిమిదో క్వార్టెట్ విన్నాక కాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు, అది పొగడ్తో కాదో తెలియదు. ఒక కోరిక. గొంతు వినాలని ఉంది. వాద్యాలు బాగున్నాయి కానీ మనకి పాట కావాలి కదా, అలాగని రష్యన్ మాటలు అర్థం కావు.

వోల్గా_డాక్టర్:
రఖ్మానినోవ్ 'వొకలీజ్'! మాటలే లేవు, ఒకే అచ్చు మీద మొదటి నుంచి చివరిదాకా. ఆలాపన అనుకోండి, కాకపోతే ఒక్క గమకం కూడా సొంతంగా వేయడానికి లేదు, అంతా రాసి పెట్టి ఉంటుంది. సొప్రానో గాయని నెజ్దానొవాకి అంకితం. ఇప్పుడు చెల్లో, వయొలిన్, సాక్సోఫోన్ అందరూ వాయిస్తున్నారు, ముందు గొంతులో వినండి.

అది నచ్చితే 1915 నాటి 'రాత్రి ప్రార్థన' వినండి, వాద్యాలు ఏవీ ఉండవు, కోరస్ ఒక్కటే. ఆర్థొడాక్స్ గుడిలో వాద్యాలు వాడరు. అందుకని ఆ బాస్ గొంతులు ఎక్కడికో నేల కిందికి దిగుతాయి. నేను అక్కడ ఒక గుడిలో చలికి తట్టుకోలేక లోపలికి వెళ్ళి నిలబడి మొదటిసారి విన్నాను ఆ రకం పాట.

పాతరేడియో:
రఖ్మానినోవ్ అంటే రెండో పియానో కాన్చెర్టో (పియానోకీ ఆర్కెస్ట్రాకీ కలిపి రాసింది) చెప్పకుండా వదలలేం. 1897లో ఆయన మొదటి సింఫనీ ఘోరంగా దెబ్బతింది, క్యూయీ అయితే దాన్ని బైబిల్లో ఈజిప్టు మీద పడిన ఉపద్రవాలతో పోల్చి రాశాడు. ఆ దెబ్బకి మూడేళ్ళు దాదాపు ఏమీ రాయలేకపోయాడు. డాక్టర్ దాల్ దగ్గర హిప్నసిస్ చికిత్స చేయించుకుని కోలుకుని ఈ కాన్చెర్టో రాసి ఆయనకే అంకితమిచ్చాడు, 1901లో తానే వాయించాడు. మొదట పియానో ఒంటరిగా గుడి గంటల్లాంటి కార్డ్స్ వాయిస్తుంది, మెల్లగా మొదలై పెరుగుతూ, ఆ తర్వాత ఆర్కెస్ట్రా వెల్లువ. 1929లో ఆయనే ఫిలడెల్ఫియాలో కండక్టర్ స్టొకోవ్‌స్కీతో కలిసి రికార్డు చేశాడు, శబ్దం పాతది, కానీ రాసినవాడే వాయిస్తుంటే ఎంత నిబ్బరంగా, ఏడుపు లేకుండా ఉంటుందో. ఇప్పటి వాళ్ళలో సగం మంది దాన్ని పాకంలో ముంచి తీస్తున్నారు, నాకు నచ్చదు.

అడయారు_మేనల్లుడు:
ఒక్క మాట చెప్పి పోతాను. మన వైపు దివ్యజ్ఞాన సమాజం ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి స్క్రియాబిన్ గురించి తెలియాలి. ఆయన ఆ భావాల్లో మునిగిపోయి 'మిస్తీరియం' అని ఒక బృహత్కార్యం తలపెట్టాడు, హిమాలయాల దగ్గర, రోజుల తరబడి, సంగీతం, రంగులు, సుగంధాలు, నాట్యం, అది పూర్తయ్యేసరికి లోకమే మారిపోవాలని. భారతదేశం రానేలేదు, 1915లో పెదవి మీద పుండు విషమించి పోయాడు. 'ప్రొమెథియస్'లో మీటలు నొక్కితే రంగుల వెలుతురు వచ్చే వాయిద్యానికి కూడా స్వరలిపి రాశాడు. సంగీతం మాత్రం అందరికీ కాదు, చిన్న ప్రెల్యూడ్‌లతో మొదలుపెట్టండి, ఒక్కొక్కటి నిమిషం రెండు నిమిషాలు.

బొంబాయి_తెలుగోడు:
ఇవి హాల్లో కూర్చుని వినాలనుకునేవాళ్ళకి: ముంబైలో ఎన్‌సీపీఏలో (నేషనల్ సెంటర్ ఫర్ ది పెర్ఫార్మింగ్ ఆర్ట్స్) సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఉంది, 2006లో పెట్టారు, ఏడాదికి రెండు సీజన్లు. కజాఖ్స్తాన్ నుంచి వచ్చినవాళ్ళు చాలామంది వాయిస్తారు కాబట్టి రష్యన్ సంగీతం వాళ్ళ చేతిలో బాగా పలుకుతుంది. హైదరాబాద్ నుంచి రాత్రి రైలు ఎక్కితే చాలు. చైకోవ్‌స్కీ ఆరు వేస్తే ఒక హెచ్చరిక, మూడో భాగం మార్చ్ అదిరిపోయేలా ముగుస్తుంది, జనం అయిపోయిందనుకుని చప్పట్లు కొడతారు. అయిపోలేదు. అసలుది ఆ తర్వాతే, మెల్లగా, ఏడుస్తూ. మొదటిసారి వాయించింది 1893 అక్టోబరు 28న, తొమ్మిది రోజులకి ఆయన పోయాడు.

కొత్తచెవి:
టికెట్లు చూస్తున్నాను. ఆ లోపు ఇంట్లో వినడానికి ముసోర్గ్‌స్కీ 'ఎగ్జిబిషన్ చిత్రాలు' అనుకుంటున్నాను, తాళంచెవి గారు చెప్పిన అయిదూ ఆరూ లెక్కపెట్టడానికి. యూట్యూబ్‌లో పియానోది ఒకటుంది, ఆర్కెస్ట్రాది ఒకటుంది. ఏది అసలుది?

తీగలు_నాలుగు:
అసలుది పియానో, 1874. హార్ట్‌మన్ అనే చిత్రకారుడు, ఆర్కిటెక్ట్, ముసోర్గ్‌స్కీ స్నేహితుడు, ముందటేడు చిన్న వయసులోనే పోయాడు. స్తాసోవ్ ఆయన బొమ్మలతో ప్రదర్శన పెట్టాడు. మొదటి ముక్క, ఆ తర్వాత మధ్యమధ్యలో వచ్చే అదే ముక్క, ముసోర్గ్‌స్కీ ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకి నడవడం. ఆయన లావుపాటి మనిషి, ఆ నడకా అలాగే ఉంటుంది. ఆర్కెస్ట్రాది రవెల్ 1922లో చేశాడు.

రెండింటినీ పోల్చడానికి ఒక్క ముక్క చాలు, 'బిద్లో', ఎడ్లబండి. రవెల్‌లో దూరం నుంచి మెల్లగా వచ్చి, దగ్గరికొచ్చి, వెళ్ళిపోతుంది. ముసోర్గ్‌స్కీ చేతిరాతలో మొదటి స్వరం నుంచే పూర్తి బలంతో ఉంటుంది, బండి వచ్చి మీద పడ్డట్టే. ఆయన పోయాక రిమ్‌స్కీ-కోర్సకోవ్ అచ్చు వేయిస్తూ దాన్ని మెల్లగా మొదలయ్యేలా దిద్దాడు, రవెల్ చేతికి అందింది ఆ ప్రతే. పియానోకి రిఖ్తర్ 1958లో సోఫియాలో వాయించింది వెతకండి. చలికాలం కచేరీ, జనం దగ్గుతూనే ఉంటారు, అక్కడక్కడ స్వరాలు తప్పుతాడు కూడా, అయినా నేను చివరి 'కీవ్ మహాద్వారం' కోసం ఆ రికార్డింగే పెట్టుకుంటాను.

తాళంచెవి:
మొదటి రెండు వరసలు కలిపి పదకొండు. లెక్క తప్పితే ఏం అనుకోవాలో పైన రాశాను.